ఏడు గోడలకు ఒకటే తాళంచెవి

ఉదయం 5 గంటల 40 నిమిషాలకు ఫోను మోగింది. రాత్రి డ్యూటీలో ఉన్న కుర్రాడు. "మేడమ్, అకౌంట్స్ ఫోల్డర్‌లో ఒక్క ఫైలూ తెరుచుకోవడం లేదు. పేర్లన్నీ మారిపోయాయి" అన్నాడు. ఎలా మారాయని అడిగాను. ప్రతి పేరు చివరా అర్థంలేని ఐదు అక్షరాలు చేరాయట. అంతకుముందు లేని ఒక చిన్న టెక్స్ట్ ఫైలు ప్రతి ఫోల్డర్‌లోనూ కనబడుతోందట. దాన్ని తెరిచి చదవమన్నాను. ఫైళ్లు మళ్లీ తెరుచుకోవాలంటే డబ్బు కట్టాలన్న రెండో వాక్యం దగ్గరే అతని గొంతు ఆగిపోయింది.

"సర్వర్ గదికి వెళ్లు. పెద్ద స్విచ్‌లో ఉన్న కేబుళ్లన్నీ ఊడదీయి. సర్వర్లను మాత్రం ఆపకు" అని చెప్పి బయలుదేరాను. ఆపేస్తే మెమరీలో మిగిలిన ఆనవాళ్లు పోతాయి. కేబుళ్లు తీసేస్తే, లోపల జరిగేది జరుగుతున్నా కనీసం పక్క యంత్రానికి పాకదు. నేను చేరేసరికి అతను నీలం, పసుపు కేబుళ్ల కుప్ప మధ్య నేలమీద కూర్చొని ఉన్నాడు. ఏది ఎక్కడిదో తెలిసేలా ప్రతి కేబుల్‌కూ ఒక కాగితం ముక్క అంటించి అంకె వేశాడు. అంత భయంలోనూ అతనికి ఆ ఆలోచన వచ్చినందుకు ఇప్పటికీ కృతజ్ఞతగా ఉంటుంది. తర్వాతి తొమ్మిది రోజుల్లో ఆ అంకెలు మాకు ఎన్ని గంటలు మిగిల్చాయో లెక్కలేదు.

నేను ఆ సంస్థలో కంప్యూటర్ వ్యవస్థల బాధ్యత చూస్తాను. సుమారు 200 కంప్యూటర్లు, 14 సర్వర్లు, మా విభాగంలో నాతో కలిపి నలుగురం. ఆ ఉదయం వరకూ మాకు పొరలు పొరలుగా రక్షణ ఉందని మనస్ఫూర్తిగా నమ్మినదాన్ని. ఫైర్‌వాల్ ఉంది. ప్రతి యంత్రంలోనూ యాంటీవైరస్ ఉంది. మెయిళ్లను వడపోసే సేవ ఉంది. బయటి నుంచి వచ్చేవారికి వీపీఎన్ అనే సురక్షిత దారి ఉంది. 45 రోజులకోసారి పాస్‌వర్డ్ మార్చాలన్న నియమం ఉంది. సర్వర్ గదికి వేలిముద్ర తాళం ఉంది. రోజూ రాత్రి బ్యాకప్ జరుగుతోంది. ఒకదాని చుట్టూ ఒకటిగా ఏడు వలయాలు గీసి, మధ్యలో 'సమాచారం' అని రాసిన బొమ్మను యాజమాన్యానికి ఇచ్చిన నివేదికలో నేనే పెట్టాను.

ఆ ఏడూ ఒక్కసారిగా ఎలా కూలాయో తెలుసుకోవడానికి మాకు మూడు వారాలు పట్టింది. అకౌంట్స్ విభాగంలో ఒకరికి సరఫరాదారు బిల్లు పేరుతో మెయిల్ వచ్చింది. వడపోతకు అందులో అనుమానించాల్సినదేమీ కనబడలేదు. జతచేసిన పత్రంలో ఒక మాక్రో, అంటే పత్రంలోనే దాగి తనంతట తాను నడిచే ఆదేశాల వరుస, ఉంది. తెరవగానే అది బయటి నుంచి ఒక చిన్న ప్రోగ్రామును తెచ్చుకుంది. ఫైర్‌వాల్ లోపలికి వచ్చేవాటిని ఆపుతుందే తప్ప, లోపలి నుంచి బయటకు వెళ్లే మామూలు వెబ్ రాకపోకలను ఆపేలా మేము అమర్చలేదు. ఆ కంప్యూటర్ మీద ఆ ఉద్యోగికి అడ్మిన్ అధికారం, అంటే అందులో దేన్నైనా మార్చగల అధికారం, ఉంది. ఏదో పాత సాఫ్ట్‌వేర్ నడవాలంటే అది కావాలని ఎప్పుడో ఇచ్చి మరచిపోయాం. అడ్మిన్ అధికారం చేతిలో పడ్డాక యాంటీవైరస్‌ను ఆపేయడం దొంగకు పెద్ద పని కాలేదు.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. నాలుగు రోజుల క్రితం అదే యంత్రంలో ప్రింటర్ సరిచేయడానికి మా విభాగంవారే డొమైన్ అడ్మిన్ ఖాతాతో లాగిన్ అయ్యారు. డొమైన్ అంటే ఒకే చోటి నుంచి నడిచే మా ఖాతాలు, యంత్రాల సమూహం; దాన్నంతటినీ శాసించే ఖాతా అది. విండోస్‌లో అలా లాగిన్ అయితే, జాగ్రత్తలు తీసుకోకపోతే, ఆ ఖాతా గుర్తింపు తాలూకు ఆనవాళ్లు మెమరీలో మిగిలే అవకాశం ఉంటుంది. వాటిని ఏరుకునే పనిముట్లు దొంగల దగ్గర ఏళ్ల తరబడి ఉన్నాయి. ఆ యంత్రాన్ని ఎవరూ రీస్టార్ట్ చేయలేదు. దొంగ వాటిని ఏరుకున్నాడు. ఆ ఒక్క ఖాతాతో ఫైల్ సర్వర్ తెరుచుకుంది. డేటాబేస్ సర్వర్ తెరుచుకుంది. బ్యాకప్ సర్వర్ కూడా అదే డొమైన్‌లో ఉంది కాబట్టి అదీ తెరుచుకుంది. ముందు బ్యాకప్‌లను చెరిపి, తర్వాతే ఫైళ్లకు తాళం వేశాడు.

మిగిలింది ఒక్కటే. 11 రోజుల క్రితం ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి నకలు తీసి, దాన్ని మళ్లీ తగిలించడం మరచి బీరువాలో పెట్టేశారు. ఆ మరపే మమ్మల్ని బతికించింది. 2017 జూన్ 27న నాట్‌పెట్యా అనే హానికర ప్రోగ్రాము దాడిలో మెర్స్క్ అనే నౌకా రవాణా సంస్థకు ఇలాంటిదే జరిగిందని తర్వాత చదివాను. ఖాతాలనూ అనుమతులనూ నడిపే డొమైన్ కంట్రోలర్లు అనే సర్వర్లు ప్రపంచమంతటా తుడిచిపెట్టుకుపోతే, ఘనాలో కరెంటు పోయి ఆగిపోయి ఉన్న ఒకే ఒక్క సర్వర్ మిగిలింది. దాని సాయంతో వారు నెట్‌వర్క్ మొత్తాన్ని తిరిగి కట్టుకున్నారు. అది చదివినప్పుడు నాకు ఊరట కలగలేదు. అంత పెద్ద సంస్థా, మేమూ ఇద్దరం అదృష్టం మీద ఆధారపడ్డామే అని బాధ కలిగింది. డబ్బు చెల్లించలేదు. 11 రోజుల లెక్కలు కాగితం వోచర్లు చూసి మళ్లీ టైప్ చేశారు అకౌంట్స్ వాళ్లు. వారి ముఖాలు చూడలేకపోయేదాన్ని.

వ్యవహారం సద్దుమణిగాక మా నలుగురం ఒక గదిలో కూర్చున్నాం. నివేదికలోని ఏడు వలయాల బొమ్మను బోర్డు మీద మళ్లీ గీశాను. ఒక్కో వలయం పక్కన, దాన్ని ఆపేయాలంటే ఏ ఖాతా కావాలో రాయమన్నాను. ఫైర్‌వాల్‌కు డొమైన్ అడ్మిన్. యాంటీవైరస్ కేంద్ర సర్వర్‌కు డొమైన్ అడ్మిన్. వీపీఎన్‌కు డొమైన్ అడ్మిన్. బ్యాకప్‌కు డొమైన్ అడ్మిన్. వేలిముద్ర తాళం యంత్రం నడిచే కంప్యూటర్‌కు సైతం అదే. రాస్తూ రాస్తూ కుర్రాడు మార్కర్ కింద పెట్టేశాడు. "మేడమ్, ఇవి ఏడు గోడలు కావు, ఒకటే గోడ" అన్నాడు.

ఏడాదిన్నర పాటు మేము చేసిన పనంతా ఆ మాటకు జవాబు వెతకడమే. పొరల సంఖ్య పెంచడం మా ఉద్దేశం కాదు. నిజానికి కొత్తగా కొన్న సాధనాలు చాలా తక్కువ. రెండు ప్రశ్నలు గోడకు అంటించుకున్నాం: ఈ పొర కూలిందనుకుంటే తర్వాతిది దేని మీద నిలబడుతుంది? ఒకదాన్ని తెరిచే తాళంచెవి ఇంకోదాన్ని తెరుస్తుందా?

మొదట మా దగ్గర ఏమున్నాయో లెక్క తీశాం. అది విసుగు పుట్టించే పని, దాని గురించి ఎక్కువ చెప్పను. లెక్కలో లేని 23 యంత్రాలు దొరికాయి. అందులో ఒకటి ఎవరి బల్ల కిందో ఏళ్లుగా నడుస్తున్న పాత సర్వర్. ఎందుకు నడుస్తోందో ఎవరికీ తెలియదు. రెండు వారాలు ఆపి చూశాం, ఎవరూ అడగలేదు, తీసేశాం. అన్ని సర్వర్ల గడియారాలూ ఒకే సమయం చూపేలా చేశాం. ఇది చిన్న విషయంలా కనబడుతుంది కానీ, దర్యాప్తులో మమ్మల్ని ఎక్కువగా ఏడిపించింది అదే. ఒక సర్వర్ ఏడు నిమిషాలు వెనక ఉండటంతో దొంగ ముందు ఎక్కడికి వెళ్లాడో, తర్వాత ఎక్కడికి వెళ్లాడో తేలక నాలుగు రోజులు వృథా అయ్యాయి.

తర్వాత అధికారాల సంగతి. 1975లోనే జెరోమ్ సాల్ట్జర్, మైకేల్ ష్రోడర్ అనే ఇద్దరు కంప్యూటర్ శాస్త్రవేత్తలు ఒక సూత్రం రాసి పెట్టారు: ప్రతి ప్రోగ్రామూ, ప్రతి వాడుకరీ తన పనికి ఎంత అధికారం అవసరమో అంతతోనే నడవాలి. ఒకే తాళంచెవి కంటే రెండు తాళంచెవులు కావాల్సిన ఏర్పాటు బలంగా ఉంటుందని కూడా వారే చెప్పారు. నేను చదువుకునే రోజుల్లో పరీక్షలో రాసిన జవాబే అది. ఉద్యోగంలో చేరాక, "ఆ సాఫ్ట్‌వేర్ నడవడం లేదు" అని ఎవరో ఫోను చేస్తే, ముందూ వెనకా చూడకుండా అడ్మిన్ అధికారం ఇచ్చి పంపేశాను.

వెనక్కి తీసుకోవడం ఇవ్వడం కంటే వంద రెట్లు కష్టం. 200 మందిలో 61 మందికి వారి కంప్యూటర్ల మీద అడ్మిన్ అధికారం ఉంది. కొందరికి దాన్ని తీసేయడం అవమానంగా తోచింది. "నన్ను నమ్మరా?" అని ఒక సీనియర్ నేరుగా అడిగారు. "మిమ్మల్ని నమ్ముతాం సార్. మీ పేరు పెట్టుకుని వచ్చే ప్రోగ్రామును నమ్మలేం" అన్నాను. ముందుగా నా అధికారమే తీసేసుకున్నానని చూపించాక ఆయన మెత్తబడ్డారు. నిజంగా అడ్మిన్ అధికారం లేకపోతే నడవనివి చివరికి మూడు ప్రోగ్రాములే తేలాయి. మిగతావాటికి ఏదో ఒక ఫోల్డర్‌లో రాసే అనుమతి ఇస్తే సరిపోయింది. ఆ సంగతి ఎవరూ అంతవరకూ కూర్చొని చూడలేదు, అంతే.

మా నలుగురికీ తలా మూడు ఖాతాలు వచ్చాయి. మెయిల్ చదువుకోవడానికి ఒకటి, ఉద్యోగుల కంప్యూటర్లు సరిచేయడానికి ఒకటి, సర్వర్ల కోసం ఒకటి. డొమైన్ అడ్మిన్ ఖాతాతో రెండు యంత్రాల నుంచి తప్ప ఎక్కడి నుంచీ లాగిన్ కాకుండా కట్టడి చేశాం. ఆ రెండింటిలో మెయిల్ లేదు, బ్రౌజర్ లేదు. ప్రింటర్ సరిచేయడానికి ఆ ఖాతాతో వెళ్లడం ఇక ఎవరి తరమూ కాదు. అన్ని కంప్యూటర్లలోనూ ఒకటే ఉన్న లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్‌ను, యంత్రానికి ఒకటి చొప్పున తనంతట తానే మారేలా చేసే మైక్రోసాఫ్ట్ ఏర్పాటు 2015 నుంచే ఉచితంగా దొరుకుతోంది. దాన్ని అమర్చడానికి మాకు పట్టింది ఒకటిన్నర రోజు. దానికోసం దాడి దాకా ఆగాం.

45 రోజుల పాస్‌వర్డ్ నియమం తీసేశాం. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే, పాస్‌వర్డ్ బయటపడిందన్న ఆధారం లేకుండా గడువు పెట్టి మార్పించవద్దని చెప్పింది. మార్చమన్నప్పుడల్లా జనం నెల పేరు, పక్కన ఒక అంకె పెడుతున్నారు. దానికి బదులు పొడవైన పాస్‌వర్డ్, దానికి తోడు ఫోనులో రెండో ధ్రువీకరణ పెట్టాం. రెండో ధ్రువీకరణ లేని ఒక్క పాత వీపీఎన్ ఖాతా చాలు. 2021లో అమెరికాలోని కలోనియల్ పైప్‌లైన్ అనే ఇంధన రవాణా సంస్థలోకి దొంగలు అలాగే వచ్చారు. ఫోనులో 'సరే' నొక్కితే సరిపోయే పద్ధతి వద్దనుకున్నాం. అర్ధరాత్రి వరుసగా ముప్పైసార్లు అడిగితే విసిగిపోయి ఎవరైనా 'సరే' నొక్కేస్తారు. 2022లో ఊబర్‌కు అలాగే జరిగింది. తెర మీద కనబడే రెండంకెల సంఖ్యను ఫోనులో టైప్ చేయాల్సిన పద్ధతి పెట్టాం.

నెట్‌వర్క్‌ను ముక్కలు చేయడం అన్నిటికంటే ఇష్టంగా చేసిన పని, అన్నిటికంటే ఎక్కువ తిట్లు తెచ్చిన పని కూడా. అంతకుముందు మాది గోడల్లేని ఒక పెద్ద హాలు. రిసెప్షన్‌లోని ప్రింటర్ నుంచి జీతాల సర్వర్‌కు దారి ఉంది. నిఘా కెమెరా నుంచి డైరెక్టర్ ల్యాప్‌టాప్‌కు దారి ఉంది. ఉద్యోగుల కంప్యూటర్లు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోవాల్సిన అవసరం దాదాపు ఎప్పుడూ ఉండదు. అందుకని వాటి మధ్య 445, 3389 అనే పోర్టులు, అంటే రాకపోకల ద్వారాలు, మూసేశాం. మొదటిది ఫైళ్లు పంచుకునేది, రెండోది దూరం నుంచి యంత్రాన్ని నడిపేది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి పాకే ప్రధాన దారులవే. తర్వాత ప్రింటర్లకు ఒక భాగం, కెమెరాలకు ఒకటి, సర్వర్లకు ఒకటి, బయటి సరఫరాదారులు దూరం నుంచి వచ్చి మరమ్మతులు చేసేందుకు ఒకటి విడగొట్టాం. 2013లో టార్గెట్ దుకాణాల నుంచి 4 కోట్ల కార్డుల వివరాలు పోయింది, ఏసీలూ ఫ్రిజ్‌లూ చూసే కాంట్రాక్టరు పాస్‌వర్డ్‌తో లోపలికి వచ్చిన దొంగల వల్లే. అది మా మనసులో ఉంది. మా సరఫరాదారులు ఒకే ఒక్క సర్వర్‌కు చేరగలరు. అక్కడి నుంచి తమకు సంబంధించిన యంత్రానికి తప్ప ఎటూ కదలలేరు.

తప్పులు జరిగాయి. ఒకరోజు సాయంత్రం నేను పెట్టిన నియమం వల్ల హాజరు యంత్రానికీ జీతాల సర్వర్‌కూ మధ్య దారి తెగింది. ఎవరూ గమనించలేదు. నెలాఖరున జీతాల లెక్క వేయబోతే ఆరు రోజుల హాజరు లేదు. ఆ యంత్రంలోనే సమాచారం నిలవ ఉండటంతో గండం గడిచింది. ఆ రోజు నుంచి ఏ దారినైనా మూసేముందు రెండు వారాలు కేవలం గమనిస్తాం. ఎవరెవరు ఆ దారిన వెళ్తున్నారో రాసుకున్నాకే మూస్తాం.

ప్యాచ్‌ల గురించి, అంటే సాఫ్ట్‌వేర్ లోపాలకు వచ్చే మరమ్మతుల గురించి, కొత్తగా చెప్పడానికి ఏమీ లేదు. వానాక్రై అనే రాన్సమ్‌వేర్ 2017 మే 12న వచ్చింది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే మరమ్మతు ఇచ్చింది. మధ్యలో రెండు నెలల సమయం ఉన్నా ఎన్నో దేశాలలో ఆస్పత్రులు, కర్మాగారాలు ఆగిపోయాయి. ఇప్పుడు మేము నెలకోసారి వచ్చే ప్యాచ్‌లను ముందు పది యంత్రాల్లో, మూడు రోజుల తర్వాత అన్నిటిలో వేస్తున్నాం. బయటి నుంచి వచ్చిన పత్రాల్లోని మాక్రోలను పూర్తిగా ఆపేశాం. పాత నియంత్రణ యంత్రం ఒకటి ప్యాచ్‌లు రాని వ్యవస్థ మీదే ఇంకా నడుస్తోంది. మార్చే వీలు ఇంకా రాలేదు. దాని చుట్టూ దానికే ఒక గోడ కట్టాం. వారానికోసారి దాన్ని చూసి వస్తాను.

మనుషుల విషయం దగ్గర కొంచెం ఆగాలి. ఆ మెయిల్ తెరిచిన అకౌంట్స్ ఉద్యోగినికి, తెరిచిన అయిదు నిమిషాలకే ఏదో తేడాగా ఉందని తెలిసింది. పత్రం ఖాళీగా ఉంది, ఒక నల్లటి కిటికీ మెరిసి మాయమైంది. మాకు చెప్పలేదు. దర్యాప్తులో ఎందుకు చెప్పలేదని మెల్లగా అడిగాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆరు నెలల క్రితం ఇలాగే ఏదో నొక్కినందుకు మా విభాగంలో అమ్మాయిని మీరు అందరి ముందూ కోప్పడ్డారు కదమ్మా" అన్నారు. నాకు ఆ సంఘటన గుర్తే లేదు. ఆవిడకు ప్రతి మాటా గుర్తుంది. దొంగ లోపలికి వచ్చిన క్షణానికీ ఫైళ్లకు తాళం పడిన క్షణానికీ మధ్య 38 గంటల సమయం ఉంది. ఆ 38 గంటలూ మాకు దక్కకుండా చేసింది నా నోరే. ఆవిడకు, ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పాను.

ఇప్పుడు మెయిల్ ప్రోగ్రాములో 'అనుమానం' అన్న బొత్తం ఉంది. నొక్కితే పావుగంటలో మాలో ఎవరో ఒకరు ఫోను చేస్తాం. తెరిచేశాక నొక్కినా సరే, మొదటి మాట "చెప్పినందుకు సంతోషం" అనే. అది మా నలుగురికీ నేను పెట్టిన నియమం. మొదటి నెలలో వచ్చినవి 7. ఆరో నెలలో 90 దాటాయి. అందులో చాలావరకు మామూలు ప్రకటనలే, కానీ ఒక్కదానిపైనా మేము విసుక్కోలేదు. ఏ సాధనం కొన్నా ఇంత మంచి కాపలా దొరికేది కాదని నా గట్టి నమ్మకం.

బ్యాకప్ దగ్గరకు వస్తాను. మూడు నకళ్లు, రెండు రకాల మాధ్యమాలు, అందులో ఒకటి వేరే చోట: ఈ పాత లెక్కను మేమూ పాటించాం. దానికి రెండు చేర్చాం. బ్యాకప్ సర్వర్‌ను డొమైన్‌లోంచి తీసేసి, దానికి వేరే ఖాతాలు, వేరే పాస్‌వర్డ్‌లు, వేరే రెండో ధ్రువీకరణ పెట్టాం. ఒక నకలును 30 రోజుల పాటు మేము సైతం చెరపలేని చోట దాస్తున్నాం. డొమైన్ అడ్మిన్ అధికారం ఉన్న దొంగ లోపల తిరుగుతున్నా దాన్ని తాకలేడు.

ఇంత చేశాక మొదటిసారి పునరుద్ధరణ సాధన పెట్టాం. అంతా పోయిందనుకోవాలి, ఖాళీ యంత్రం మీద డేటాబేస్‌ను తిరిగి నిలబెట్టాలి. గడియారం చూసుకుని మొదలుపెట్టాం. 40 నిమిషాలకు బ్యాకప్ ప్రోగ్రాము సంకేతపదం అడిగింది. నకళ్లను మేము సంకేత భాషలోకి మార్చి దాస్తాం కదా, దాన్ని విప్పే పదం కావాలి. అది ఎక్కడుందని అడిగాను. పాస్‌వర్డ్‌ల ఫైలులో ఉందన్నాడు కుర్రాడు. ఆ ఫైలు ఎక్కడుందని అడిగాను. ఫైల్ సర్వర్‌లో. అంటే మేము అప్పుడే పోయిందని అనుకున్న సర్వర్‌లో. గదిలో ఎవరూ మాట్లాడలేదు. బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి తాళం వేశాం.

ఆ సాయంత్రమే ఆ పదాన్ని కాగితం మీద రెండు ప్రతులు రాసి, కవర్లలో పెట్టి, అంటించి, అతుకు మీద సంతకాలు చేశాం. ఒకటి సంస్థ ఇనప్పెట్టెలో, ఇంకొకటి వేరే భవనంలో. అత్యవసర ఫోను నంబర్ల జాబితా, నెట్‌వర్క్ పటం కూడా కాగితం మీదే ఉన్నాయి. మూడు నెలలకోసారి సాధన చేస్తాం. మొదటిసారి 19 గంటలు పట్టింది. నాలుగోసారి అయిదున్నర గంటలు.

ఇవన్నీ కూలినా ఎవరో ఒకరికి తెలియాలి కదా. 2017లో జనం అప్పుల చరిత్రను భద్రపరిచే అమెరికా సంస్థ ఈక్విఫాక్స్ నుంచి 14.7 కోట్ల మంది వివరాలు పోయినప్పుడు, రాకపోకలను గమనించే పరికరం వారి దగ్గర ఉంది. దాని సర్టిఫికెట్, అంటే రహస్య రాకపోకలను విప్పి చూడటానికి కావాల్సిన డిజిటల్ పత్రం, గడువు ముగిసి అది గుడ్డిదైపోయింది. కొత్త సర్టిఫికెట్ వేసిన తర్వాతే దొంగలు కనబడ్డారు. మేము లాగ్‌లన్నిటినీ, అంటే యంత్రాలు తమలో జరిగేవాటిని రాసుకునే చిట్టాలను, డొమైన్‌తో సంబంధం లేని వేరే సర్వర్‌కు పంపిస్తున్నాం. అన్నీ చూడటం నలుగురి వల్ల కాదు. కొన్నిటికే గంట మోగేలా చేశాం. లాగ్‌ను ఎవరైనా చెరిపితే విండోస్‌లో 1102 అనే సంఖ్యతో నమోదవుతుంది, అది ఒకటి. తక్కువ సమయంలో ఎక్కువసార్లు లాగిన్ విఫలమైతే, అంటే 4625లు వరుసగా వస్తే, అది ఇంకొకటి. లాగ్ రావడం ఆగిపోయినా మోగాలని తర్వాత చేర్చాం. ఇక ఎవరూ వాడని, పేరు మాత్రం నోరూరించే ఒక ఎర ఖాతాను సృష్టించాం. పేరు చూస్తే పాత బ్యాకప్ అడ్మిన్ ఖాతా అనిపిస్తుంది. దాని పాస్‌వర్డ్ ఉన్న ఒక చిన్న ఫైలును సరఫరాదారుల సర్వర్‌లో, నిర్లక్ష్యంగా వదిలేసినట్టు పెట్టాం. ఆ ఖాతాకు ఏ అధికారమూ లేదు. దానితో లాగిన్ కావాల్సిన అవసరం నిజాయితీగా పనిచేసేవారికి ఎవరికీ రాదు.

అన్నిటికంటే ఎక్కువ వాదన జరిగింది ఒక చిన్న కాగితం మీద. రాత్రి డ్యూటీలో ఉన్నవారు ఎవరినీ అడగకుండా ఏయే దారులు తెంచేయవచ్చో అందులో ఉంది. పొరపాటున తెంచితే పని ఆగుతుందని యాజమాన్యం భయపడింది. పొరపాటున తెంచినందుకు ఎవరినీ ప్రశ్నించబోమని డైరెక్టర్ గారితో సంతకం చేయించడానికి నాకు రెండు నెలలు పట్టింది.

తర్వాతి సంవత్సరం ఒక రాత్రి 2 గంటల 20 నిమిషాలకు ఫోను మోగింది. అదే కుర్రాడు. ఈసారి గొంతు వణకలేదు. "మేడమ్, 2:12కి ఎర ఖాతా గంట మోగింది. 2:16కి సరఫరాదారుల భాగాన్ని తెంచేశాను. సర్వర్‌ను ఆపలేదు. మీరు రండి" అన్నాడు.

మా సరఫరాదారు ఉద్యోగి ఒకరు మెయిల్‌లో వచ్చిన లింకు నొక్కారు. అసలు లాగిన్ పేజీకీ ఆయనకూ మధ్య దొంగ ఒక నకిలీ పేజీ నిలబెట్టాడు. పాస్‌వర్డ్ దానిలోనే ఇచ్చారు, రెండో ధ్రువీకరణ కూడా దానిలోనే పూర్తి చేశారు. అలా తెరుచుకున్న సెషన్‌ను, అంటే లాగిన్ అయి ఉన్న స్థితిని, దొంగ అక్కడే పట్టుకున్నాడు. దానితో మా సరఫరాదారుల సర్వర్‌లోకి వచ్చాడు. అక్కడి నుంచి 300కు పైగా సార్లు మిగతా సర్వర్లను తట్టాడు, ఏదీ తెరుచుకోలేదు. ఆ తట్టుళ్లకు గంట లేదు, అది మా లోపం. చివరికి ఆ చిన్న ఫైలు దొరికింది. ఆశగా ఆ ఖాతా వాడాడు.

ఉదయం 9 గంటలకు ఉద్యోగులు వచ్చారు. సరఫరాదారుల భాగం తప్ప అన్నీ మామూలుగానే నడుస్తున్నాయి. అకౌంట్స్ గదిలో ఆవిడ తన ఫైలు తెరిచి పని మొదలుపెట్టారు. నేను గుమ్మం దగ్గర కాసేపు నిలబడి చూశాను.

నివేదిక మొదటి పేజీలోనే కూలిన పొరలు రాశాను: సరఫరాదారు మెయిల్ వడపోత, పాస్‌వర్డ్, రెండో ధ్రువీకరణ. మోగాల్సిన చోట మోగని గంట ఒకటి. సమావేశంలో డైరెక్టర్ గారు, "ఇంత ఖర్చు చేశాక కూడా మూడు ఎందుకు కూలాయి?" అని అడిగారు. "నాలుగోది ఆ మూడూ కూలతాయనుకునే కట్టాం సార్" అన్నాను. ఆయన కాసేపు ఆ పేజీనే చూస్తూ ఉండిపోయారు. తర్వాత, నకిలీ పేజీలు మోసం చేయలేని భౌతిక భద్రతా తాళంచెవులు సరఫరాదారులకు ఎన్ని కావాలని అడిగారు. పన్నెండు అన్నాను. తిరస్కరించిన తట్టుళ్లకు గంట ఆ మధ్యాహ్నమే పెట్టాం.